ఐసు లేని బుట్ట

బందరుకు ఇవతల ఆ చిన్న రేవులో ఐసు ఫ్యాక్టరీ మత్స్యకారుల సంఘం సొమ్ముతో కట్టిందే అయినా, తాళంచెవి మాత్రం ప్రెసిడెంటు పోలరాజు మొలతాడుకే ఉంటుంది. అందుకే ఎన్నిక వచ్చిన ప్రతిసారీ అతను "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడగడం, జనం తలలు దించుకోవడం, ఏకగ్రీవమని చప్పట్లు కొట్టడం ఆనవాయితీ అయిపోయింది. ఎదురు మాట్లాడినవాళ్ళ చేపలకు ఐసు అందదు.

ఈసారి అతని వదిన అంకాలమ్మ లేచి నిలబడింది.

"ఓటు చీటీలు వేయించు మరిదీ. నువ్వే గెలిస్తే దండ నేనే వేస్తా."

పోలరాజు నవ్వాడు. "ఎండకి తల తిరిగినట్టుంది వదినా. ఇంటికెళ్ళి కాసిని మజ్జిగ తాగు."

మర్నాడు తెల్లారేసరికి ఆమె ముందు రెండు బుట్టల కానాగంత చేపలున్నాయి. విజయవాడ వెళ్ళే వ్యాను హారన్ కొడుతోంది. ఫ్యాక్టరీ కిటికీలో పోలరాజే కూర్చున్నాడు.

"ఐసు అయిపోయింది వదినా."

అతని వెనక ఐసు దిమ్మలు పొగలు చిమ్ముతున్నాయి.

"కనపడతన్నాయిగా!"

"అవి మనోళ్ళవి. సాయంత్రం నలుగురిలో 'నోరు జారాను' అని ఒక్క మాట అను. రేపట్నుంచి నువ్వూ మనోళ్ళలోనే."

కోడలు సత్యశ్రీ ఆమె కొంగు లాగింది. "అనేస్తే పోయేదానికి ఎందుకత్తా పంతం? ఎండెక్కితే వీటిని కుక్కలు కూడా ముట్టవు."

నిజమే. కానాగంత ఎంతసేపు ఆగుతుందో అంకాలమ్మకు తెలియనిది కాదు. ఆ ఒక్క మాట అన్నాక ఇక బతికినన్నాళ్ళూ ఏమేం మాట్లాడకూడదో కూడా తెలుసు.

"ఇంట్లో ఉప్పు బస్తా ఉంది, పట్రా. కత్తిపీట కూడా."

ఫ్యాక్టరీ గుమ్మానికి ఎదురుగానే గోనెపట్టా పరిచి కూర్చుంది. ఒక్కో చేపనూ వీపు మీద చీల్చి, పేగులు తీసి, ఉప్పు పట్టించి ఎండలో పరవసాగింది. పచ్చిచేపకొచ్చే ధరలో సగం కూడా రాదు. కానీ కుళ్ళదు.

పోలరాజు బయటికొచ్చాడు. "దారికడ్డంగా ఏంటిది? కంపు!"

"ఈ పని నాకు నేర్పింది మీ అమ్మే. రేవుకి ఐసు రాకముందు నిన్ను సాకింది ఈ కంపే."

ఐసు కోసం వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. నవ్విందెవరా అని పోలరాజు ఒక్కొక్క ముఖమే చూశాడు. అందరూ తలలు దించుకున్నారు, పక్కవీధి తిరుమల తప్ప. ఆమె వరసలోంచి తప్పుకుని, తన బుట్టతో వచ్చి అంకాలమ్మ పక్కన చతికిలబడింది.

"ఆ ఉప్పు కాస్త ఇటు జరుపు పిన్నీ."

అంకాలమ్మ బస్తా జరిపింది. మరో చేపను చీలుస్తూ, తలెత్తకుండానే అడిగింది:

"చీటీలెప్పుడు మరిదీ? ఎండ బాగా కాస్తంది. మేం ఇక్కడే ఉంటాం."