హన్మమ్మ పటం

భూమి సర్వే కాగితాల మీద సంతకం పెట్టాల్సిన అధికారి సెలవు పెట్టి ఎటో వెళ్లాడు. రెండు రోజులు ఎడ్లబండిలో కూర్చుని నారాయణఖేడ్ నుంచి బీదర్ దాకా వచ్చిన మాణిక్యప్పకు కచేరీ బంట్రోతు ఆ మాట చెప్పి, ఎల్లుండి రమ్మన్నాడు. ఎండ మండిపోతోంది. మాణిక్యప్ప పగలు పడుకునే మనిషి కాదు. చౌబారా బురుజు దగ్గర నీడ వెతుక్కుంటూ నడుస్తుంటే, తలుపుకు నల్లగుడ్డ కట్టిన చిన్న దుకాణం కనబడింది. లోపల చల్లగా ఉంటుందనుకుని గడప దాటాడు. అంతే తప్ప ఫోటోల మీద ఆయనకు అప్పటిదాకా ఏ మోజూ లేదు.

అది మత్తయి దుకాణం. మత్తయి చిన్నతనంలో మిషన్ దవాఖాన దొర ఒకాయన దగ్గర కెమెరా పని నేర్చుకున్నాడు. పెళ్లిళ్లకూ, బదిలీ మీద పోయే ఉద్యోగస్తుల విందులకూ ఫోటోలు తీసి బతుకుతున్నాడు. ముందుగది నిండా అలాంటివే ఉన్నాయి. రూమీ టోపీల పెద్దమనుషులు, కుర్చీ చేతులు పట్టుకుని బిగుసుకుపోయిన కొత్త దంపతులు. వాటికి దూరంగా, లోపలి గోడకు ఒకే ఒక్క పటం వేలాడుతోంది.

మాణిక్యప్ప ఆ పటం ముందు ఆగిపోయాడు. కోసిన జొన్నచేను. చేతిలో కొడవలి వేలాడేసి ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నలభై దాటిన వయసు. చీర కొంగు తలకు చుట్టుకుంది. ముఖం పడమటి వైపు తిప్పి ఉంది. సాయంత్రపు ఎండ నుదుటి మీదా, చెంప మీదా పడి, పెదవి పైన చెమట చుక్కలు కూడా లెక్కపెట్టేటట్టు కనబడుతున్నాయి. ఎక్కడో చూసిన ముఖమే. ఎక్కడో గుర్తు రాలేదు.

"ఎవలామె?" అని అడిగాడు.

"మీదే ఊరు?" అన్నాడు మత్తయి.

"ఖేడ్."

"అయితే మీ ఊరామెనే. మొన్న బోరంచ పోచమ్మ జాతరకు పోతుంటే ఖేడ్ బయట జొన్న కోస్తున్నరు. ఒడ్డు మీద పెట్టె నిలబెట్టి తీసిన. నేను నిలబడుమనలే. ఆమెనే కదలకుండ నిలబడ్డది. అటెనుక పేరడిగితే హన్మమ్మ అన్నది."

మాణిక్యప్ప మళ్లీ పటం వైపు చూశాడు. వెనకాల వంకర కొమ్మ రేగుచెట్టు తనది. చేను తనది. హన్మమ్మ తన పొలంలో పద్దెనిమిదేళ్లుగా కూలికి వస్తున్న మనిషి. ఆమె వంగిన వీపు ఆయనకు తెలుసు, పిలిస్తే పలికే గొంతు తెలుసు. ముఖం మాత్రం ఇన్నేళ్లలో ఇంతసేపు చూడలేదు.

"ఇది నాకియ్యి," అన్నాడు.

"ఇది అమ్మేది కాదు పటేలా. నా ఇష్టానికి తీసుకున్న."

రెండో రోజు కూడా మాణిక్యప్ప అక్కడికే వెళ్లాడు. అధికారి మూడో రోజు కూడా రాకపోవడంతో మళ్లీ వెళ్లాడు. పటం ముందు కూర్చుని చూస్తూ ఉండేవాడు. మత్తయికి అలాంటి గిరాకీ ఎప్పుడూ తగల్లేదు. చివరికి మనసు కరిగి, గాజుపలక మీద నుంచి తన చేతులతోనే కాగితం మీద మరొక ప్రతి తీసి, టేకు చట్రం కట్టించి ఇచ్చాడు. పది రూపాయలు పుచ్చుకుని జాగ్రత్తలు చెప్పాడు.

"ఎండ తగిలే గోడకెయ్యకు, వెలిసిపోతది. అద్దం మీద పసుపు కుంకుమ పెట్టనియ్యకు. చూసినప్పుడు ముఖం ఒక్కటే చూడకు. ఎలుగు యాడ ఆగి నీడ యాడ మొదలైందో చూడు. అప్పుడు మనిషి కనవడుతది."

ఇంటికి తెచ్చి హాల్లో ఉత్తరపు గోడకు తగిలించగానే ఆయన భార్య సత్తెమ్మ గుండెలు బాదుకుంది. ఆ రోజుల్లో ఖేడ్‌లో గోడకు మనిషి పటం ఎక్కిందంటే ఆ మనిషి పోయినట్టే.

"అయ్యో, హన్మమ్మ సచ్చిందా? ఎప్పుడు? పొద్దున కొట్టం కాడ పేడ తీసి పాయె గదా!"

"సావలే. మంచిగున్నది."

"మరి గోడకెందుకేసినవ్?"

మాణిక్యప్ప చట్రం వంకర సరిచేశాడు. "బాగున్నదని," అన్నాడు. సత్తెమ్మ ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

అలా మొదలైంది. ఏటా పంట ఇంటికి చేరాక ఆయన బీదర్ పోయేవాడు. మత్తయి తన ఇష్టానికి తీసుకున్న వాటిలోంచి రెండో మూడో తెచ్చుకునేవాడు. కొలిమి ముందు కూర్చున్న కమ్మరి ఈరయ్య. ముక్కుపొడుం పీలుస్తూ కళ్లు మూసుకున్న ముసలి మౌల్వీ. వెండి నగల బరువుతో మెడ వంచిన లంబాడా పెళ్లికూతురు. నాలుగేళ్లలో హాలు గోడకు పదకొండు పటాలు ఎక్కాయి. వీటిలో ఒక్కరూ చుట్టాలు కారు. ఊరి పట్వారి వచ్చినప్పుడల్లా నవ్వేవాడు. "అందరిండ్లల్ల దేవుళ్లుంటరు, నవాబులుంటరు. నీ ఇంట్ల కూలోళ్లు, కమ్మరోళ్లు!"

మాణిక్యప్ప కోపగించేవాడు కాదు. చేయి పట్టుకుని ఉత్తరపు గోడ దగ్గరకు తీసుకుపోయేవాడు. "గామె చూపు చూడు. పొలమంత నాదే అన్నట్టు చూస్తుంది. రాణులు సుత గట్ల నిలబడరు." వచ్చినవాళ్లు చూసి, నిజమే సుమా అనేవారు. ఆ మాట చెప్పడం ఆయనకు పటం కన్నా ఎక్కువ ఇష్టమైపోయింది.

ఇదంతా హన్మమ్మ చెవిన పడటానికి నాలుగేళ్లు పట్టింది. ఊరవతలి వాడ నుంచి పనికి వచ్చేవాళ్లకు పశువుల కొట్టం దాకానే రాకపోకలు. ఇంట్లో అడుగుపెట్టే ఆచారం లేదు. ఈరయ్య కొలిమి దగ్గర కొడవలికి పదును పెట్టించుకుంటుంటే, నువ్వూ నేనూ ఒకే గోడకున్నామని ఆయన నవ్వుతూ చెప్పాడు. మర్నాడు చేను కోతలో, మాణిక్యప్ప ఒడ్డు మీద నడుస్తుంటే ఆమె పని ఆపి నడుము నిలబెట్టింది.

"పటేలా, నా తస్వీర్ నీ ఇంట్ల ఉన్నదంట?"

"ఉన్నది."

"నాకు జెప్పకపోతివి?"

మాణిక్యప్ప అడుగు ఆపాడు. పటం గురించి ఊళ్లో పెద్దలందరికీ చెప్పాడు. ఈమెకు చెప్పాలని ఒక్కసారి కూడా తోచలేదు.

"ఒకపారి జూస్త," అంది హన్మమ్మ.

"రేపు పొద్దున ఇంటికి రా."

ఆ మాట అన్నాక దారి పొడుగునా ఆలోచించాడు. పటం తీసి కొట్టం దగ్గరకు తెచ్చి చూపిస్తే సరిపోతుంది. కానీ ఆమెను చూడటానికి వచ్చిన వాళ్లందరినీ హాల్లోకి పిలిచి, ఆమెకు మాత్రం పశువుల దగ్గర చూపించడమేమిటని సిగ్గేసింది. తెల్లవారి హన్మమ్మ వచ్చి వాకిట్లో నిలబడగానే, "లోపలికి రా," అన్నాడు. ఆమె కదల్లేదు. సత్తెమ్మ వైపు చూసింది. సత్తెమ్మ ఒక క్షణం మొగుడి ముఖం చూసి, చేతిలో చేట కింద పెట్టి, "రమ్మంటుండు గదా, రా," అంది.

హన్మమ్మ కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చింది. ముందు ఈరయ్యను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మౌల్వీని చూసింది. పెళ్లికూతురి నగలు ఒక్కొక్కటీ పరీక్షగా చూసింది. చివరికి ఉత్తరపు గోడ దగ్గరకు వచ్చి ఆగింది. చాలాసేపు దాన్నే చూసింది. మాణిక్యప్ప ఆ చూపును తనకు అనుకూలంగా తీసుకున్నాడు.

"చూసినవా? ఎట్లున్నవో చూడు. పొలమంత నీదే అన్నట్టు..."

"ఏ పొలం పటేలా?" అంది ఆమె, పటం మీద నుంచి చూపు తిప్పకుండా. "గా దినం నాకు యాదికున్నది. ఒడ్డు మీద పెట్టె పెట్టుకోని ఒకాయన నిలబడ్డడు. సర్వే ఆయన అనుకున్న. గప్పుడు నా బిడ్డ అమృతకు మస్తు జరం. ఇంట్ల ఒక్కతే పండుకున్నది. పొద్దు ఎప్పుడు గుంకుతదా, ఎప్పుడు ఇల్లు జేరుదునా అని గా దిక్కు చూస్తున్న."

మాణిక్యప్ప పటం వైపు చూశాడు.

"జర జల్దీ ఇంటికి పోత అని నిన్నడిగిన. గీ సాలు అయినంక పో అన్నవ్. గది అయినంక ఇంకొకటి జూపెట్టినవ్."

ఆమె గొంతులో కోపం లేదు. నిన్నటి వాన గురించి చెప్పినట్టు చెప్పింది.

"నేనన్ననా?"

"నువ్వే అన్నవ్."

సత్తెమ్మ గుమ్మం దగ్గర నుంచే అంది. "అవు. నాకు యాదికున్నది. పొద్దుగూకినంక ఉరుకుకుంట వచ్చి కషాయానికి మిరియాలడిగింది. దోసెడు పోసిన."

"పోసినవమ్మా. గవే తాపిన. మూడు దినాలకు లేసి కూసున్నది. మనూరుకిచ్చిన, ఇప్పుడు అత్తగారింట్ల మంచిగున్నది, ఒక కొడుకు."

మాణిక్యప్ప బల్ల మీద కూర్చుండిపోయాడు. ఎంత ప్రయత్నించినా ఆ సాయంత్రం ఆయనకు గుర్తు రాలేదు. గుర్తుంచుకోవలసినంత పెద్ద మాట కాదు అది ఆయనకు. నాలుగేళ్లుగా వెలుగు ఎక్కడ ఆగిందో, నీడ ఎక్కడ మొదలైందో చూశాడు. ఆమె ఏం చూస్తోందో అడగలేదు.

కొంతసేపటికి లేచి, మేకు నుంచి పటం తీసి ఆమె వైపు చాపాడు. "తీస్కపో. నీది."

హన్మమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. "నాకెందుకు? గా దినం మల్ల జూస్కోనీకా? నీ తాననే ఉండనియ్యి. గని వచ్చినోళ్లకు రాణి గీణి అని జెప్పకు. ఉన్నది జెప్పు."

"చెప్త."

"ఇంకొకటి. తస్వీర్ దీస్తే నా ఇష్టమున్నట్టు ఒకటి దియ్యుమను గా పెట్టె ఆయనను."

మాణిక్యప్ప ఆ వారమే బీదర్‌కు ఉత్తరం రాశాడు. జరిగింది దాచకుండా రాశాడు. కోతలు ముగిశాక మత్తయి కెమెరా పెట్టె, మూడుకాళ్ల కొయ్య బండిలో వేసుకుని వచ్చాడు. వాడలో హన్మమ్మ ఇంటి ముందు నులకమంచం వేశారు. మనూరు నుంచి అమృత కొడుకును ఎత్తుకుని వచ్చింది. హన్మమ్మ తలకు నూనె పెట్టుకుని, బిడ్డ కొనిపెట్టిన ఆకుపచ్చ చీర కట్టుకుని, మనవడిని ఒళ్లో పెట్టుకుని మంచం మధ్యలో కూర్చుంది. ఆమె భర్త మల్లప్ప పక్కన నిలబడతానంటే, "నువ్వు ఎనుక నిలబడు," అంది.

మత్తయికి ఆ కూర్పు నచ్చలేదు. నల్లగుడ్డ లోంచి తల బయటికి పెట్టి, "అవ్వా, జర గా చెట్టు దిక్కు చూడు. నా దిక్కు చూడకు," అన్నాడు.

"నీ దిక్కే చూస్త. చూస్తున్నట్టు తెల్వాలె."

మత్తయి మళ్లీ గుడ్డలోకి దూరాడు.

ఆ పటం ముందుదానిలా రాలేదు. అందరూ కొయ్యబొమ్మల్లా ఉన్నారు. పిల్లవాడి చెయ్యి కదిలి మసకబారింది. మల్లప్ప తల సగం తెగింది. కానీ హన్మమ్మ మాత్రం ఎదుటివాడిని నిలదీసి పలకరిస్తున్నట్టు సూటిగా చూస్తోంది, పెదవి చివర నవ్వు ఆపుకుంటోంది. ఒకటి ఆమె ఇంటికి వెళ్లింది. ఇంకొకటి, "వేస్కో," అని ఆమె ఒప్పుకున్నాక మాణిక్యప్ప ఉత్తరపు గోడకు, పాతదాని పక్కన తగిలించాడు.

తర్వాత మొదట వచ్చిన అతిథి పట్వారియే. ఎవరో కొత్త ఉద్యోగస్తుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, "మా పటేలు రాణిని చూద్దురు రాండ్రి," అన్నాడు. మాణిక్యప్ప లేచి వెళ్లి పటం పక్కన నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"రాణి కాదు. బిడ్డకు జరమొస్తే ఇంటికి పోదామని పొద్దు దిక్కు చూస్తుంది. నేను పోనియ్యలే."

పట్వారి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కొత్త ఉద్యోగస్తుడు కళ్లజోడు సవరించుకుని, మరింత దగ్గరగా వంగి చూడసాగాడు. మాణిక్యప్పకు చెవులు వేడెక్కాయి గానీ అక్కడి నుంచి కదల్లేదు. రెండోసారీ, మూడోసారీ చెప్పడం కూడా తేలిక కాలేదు. అయినా చెప్పడం మానలేదు. పొలం పనులు చూసే నాగయ్యకు మాత్రం ఆ ఏడే గట్టిగా చెప్పాడు, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాళ్లు అడిగిన వెంటనే పోనివ్వమని.

అప్పటి నుంచి మత్తయి ఏటా కోతల తర్వాత ఖేడ్ రావడం మొదలుపెట్టాడు. వాడలో వాళ్లు తమకు ఇష్టమైనట్టు కూర్చునేవారు, నిలబడేవారు. ఒకాయన తన ఎద్దుతో తప్ప తీయించుకోనన్నాడు. ఎవరి పటం వాళ్లకు చేరేది. దానికయ్యే ఖర్చు మాణిక్యప్ప పెట్టుకునేవాడు. తనకు కావలసింది ఏదైనా ఉంటే, ఆ మనిషి ఇంటికి వెళ్లి అడిగి తెచ్చుకునేవాడు.

మూడో ఏట మత్తయి కాశమ్మను చూశాడు. ఎనభై ఏళ్ల మంత్రసాని. ముఖం నిండా ఎండిన చెరువు మట్టిలా ముడతలు, వాటి మధ్య తేటగా రెండు కళ్లు. గడపలో కూర్చుని పొద్దువాలే ఎండలో కందులు చెరుగుతోంది. మత్తయి మాణిక్యప్ప చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "పటేలా, ముప్పై ఏండ్లల్ల గిసుంటి ముఖం నేను చూడలే. ఎలుగు ఎట్ల పడ్డదో చూడు. జల్దీ అడుగు."

మాణిక్యప్ప చూశాడు. నిజమే. పదమూడు పటాల్లో దేనికీ లేని వెలుగు అది. దగ్గరికి వెళ్లి చెప్పులు విడిచి, అరుగు మీద కూర్చుని, విషయం చెప్పి అడిగాడు.

కాశమ్మ చేట ఆపి ఆయనను పైనుంచి కింది దాకా చూసింది. ఆయనను ఈ లోకంలోకి తెచ్చిన చేతులు కూడా ఆమెవే.

"వద్దు బిడ్డా," అంది. "నాకు సయించది."

మత్తయి వెనక నుంచి ఏదో చెప్పబోయాడు. మాణిక్యప్ప చేయెత్తి ఆపాడు. "మంచిదవ్వా," అని లేచి, మూడుకాళ్ల కొయ్యను తనే మడిచి భుజాన వేసుకున్నాడు.

"ఎటు పోతున్నవ్? కూసో," అంది కాశమ్మ. "ఎండల వచ్చిండ్రు. సల్ల తాగి పోండ్రి."

ఇద్దరూ అరుగు మీద కూర్చుని చల్ల తాగారు. ఆమె మళ్లీ చేట అందుకుంది. కందులు ఎగిరి పడుతుంటే, పొట్టు గాలికి పోతుంటే, మాణిక్యప్ప ఆమె ముఖం వైపు చూస్తూ, గ్లాసు ఖాళీ అయ్యాక కూడా కాసేపు అక్కడే కూర్చున్నాడు.