పైస్వరాలు

చీల మీద గీసిన సుద్దగీత జరిగి ఉంది.

ముసలాయన కళ్లద్దాలు సవరించుకుని, మూత తెరిచిన పియానోలోకి ఇంకాస్త వంగాడు. నిన్న ఇంటికి వెళ్లేముందు తనే గీశాడు, తీగ చుట్టిన చీల తల మీంచి పక్కనున్న ఇనప చట్రం దాకా, ఒకే గీతగా. ఇప్పుడది రెండు ముక్కలై, అలిగిన తోడికోడళ్లలా చెరోవైపు చూస్తోంది. కుడివైపు సన్న తీగలన్నింటిదీ అదే వరస. లావు తీగల జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

"అనుకున్నాను," అన్నాడు పియానోతో.

ఆ సంగీత పాఠశాలలో పియానోలు శ్రుతి చేయడం ఆయన పని. పెళ్లి కాకముందు చేరాడు. పిల్లలు ఎదురుగా శ్రుతి తాతయ్య అంటారు, చాటున సందేహాల తాతయ్య అంటారు. కొట్లో తూచిన కూరగాయల్ని ఇంట్లో మళ్లీ తూచుకునే రకం. తన చెవులను తప్ప ఆయన ఎవరినీ నమ్మలేదు.

అనుమానం పక్కగదిలోని సంగీతం మాస్టారి మీదికి పోయింది. కొత్తగా వచ్చిన మనిషి. పని లేని బావమరిది ఒకడున్నాడని గుమాస్తా ఎప్పుడో అన్నాడు. ముసలాడి శ్రుతి చెడిందని తేలిస్తే ఈ కొలువు ఆ బావమరిదికి దక్కుతుంది. గోడ అవతల మాస్టారు పాఠం చెబుతున్నాడు.

"ఈ మూడు స్వరాల కట్ట మన ఇల్లు. ఇక్కణ్నుంచి బయల్దేరతాం, ఇంకో కట్టకి వెళ్తాం, ఇంకా దూరం వెళ్తాం. ఒకచోట ఇక ఉండలేక ఇంటికొస్తాం. ఆ నడకే హార్మోనిక్ ప్రోగ్రెషన్."

ఆ మాట ఆయనకు పాతదే. కొత్త కాపురంలో భార్య అదే పేరు ఇంకో సంగతికి చెప్పింది. బళ్లో లెక్కలు చెప్పిన మనిషి ఆవిడ. ఒకటి, సగం, మూడోవంతు, నాలుగోవంతు... తెలుగులో హరాత్మక శ్రేఢి. తిరగేస్తే ఒకటి, రెండు, మూడు, నాలుగు. "ఒక్క తీగ మీటితే ఆ ముక్కలన్నీ లోపల మోగుతాయి కదండీ, మీరు వినేది వాటినేగా," అంది. "మాకు తిరగేయకుండానే వినిపిస్తాయి," అన్నాడాయన గొప్పగా. ఒకే పేరుతో రెండు వేషాలు కట్టేదాన్ని నమ్మకూడదని ఆనాడే అనుకున్నాడు.

ఆవిడ వాలకమూ ఈమధ్య తేడాగానే ఉంది. ఇన్నేళ్లుగా ఆయన పని ఊసెత్తనిది "పైస్వరాలు బాగా పలుకుతున్నాయా?" అని అడుగుతోంది. ఫోనులో మాట్లాడుతూ తనను చూసి పెట్టేస్తోంది. మొన్న వెనక్కి తిరిగేసరికి, చెంచాతో గాజుగ్లాసు అంచును కొడుతూ నిలబడి ఉంది. ఏమిటంటే, చక్కెర కలుపుతున్నానంది. గ్లాసులో నీళ్లే లేవు.

ఒక్కొక్కటీ చిన్నదే. ఆ శ్రేఢిలో ముక్కలు చిన్నవైపోతున్నా, కూడుతూ పోతే మొత్తానికి హద్దుండదని ఆవిడ చెప్పినప్పుడు ఆయన నమ్మలేదు. ఇప్పుడు నమ్మబుద్ధవుతోంది.

మధ్యాహ్నం భోజనానికని చెప్పి కిందికి దిగాడు. చెప్పులు చేత పట్టుకుని వెనక మెట్ల మీదుగా పైకొచ్చాడు. తలుపు సందులోంచి చూస్తే, మాస్టారు రెంచితో పియానో మీదికి వంగి ఉన్నాడు. బల్ల మీద కూర్చుని మీటలు నొక్కుతున్నది తన భార్య.

ఆయన తలుపు తోశాడు.

"నా పని పాడు చేస్తోంది నువ్వా?"

"పాడు చెయ్యట్లేదు బాబాయ్‌గారూ," అన్నాడు మాస్టారు, రెంచి వదలకుండా.

భార్య లేవలేదు. "ఇలా రండి," అని కుడివైపు చివరి మీట నొక్కింది. కొయ్య తగిలిన టక్కుమనే చప్పుడొచ్చింది.

"మోగిందా?"

"తీగ తెగింది."

"తెగలేదండీ."

ఆయన వేలి కొసను తీగకు ఆనించాడు. ఆవిడ మళ్లీ నొక్కింది. వేలి కింద తీగ జివ్వుమంది. చెవికి మాత్రం కొయ్యే.

"పైవి శ్రుతి తప్పుతున్నాయని పిల్లలు చెప్పారట. ఈ అబ్బాయి నా దగ్గరికొచ్చాడు. మీరు వెళ్లాక సరిచేస్తున్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నమ్మేవారా?"

ఆయన మాస్టారి వైపు తిరిగాడు. "మరి మీ బావమరిది?"

"నాకు బావమరిది లేడు బాబాయ్‌గారూ."

గుమాస్తా అన్నదేమిటో గుర్తు చేసుకోబోయాడు. ఆ మాటైనా సరిగ్గా విన్నాడో లేదో ఇప్పుడు చెప్పలేడు.

భార్యను పక్కకు జరగమని కూర్చున్నాడు. తనకు వినిపించే లావు తీగల్ని ఒక్కొక్కటే చూసుకున్నాడు. మధ్య తీగలు కొన్ని మోగకుండా ఉన్ని పట్టీ ఇరికించి, వాటి పక్కవి బిగించాడు. తొందరపడలేదు. వాళ్లిద్దరూ నిలబడే ఉన్నారు.

"మిగతావి నువ్వు చూసుకో," అన్నాడు లేస్తూ.

"రేపు వస్తారుగా?" అన్నాడు మాస్టారు.

ఆయన కిందికి దిగి, గుమాస్తాతో ఇక రానని చెప్పాడు. గుమాస్తా ఏదో అడిగాడు. ఏమన్నాడని ఆయన రెట్టించలేదు. వీధిలోకి వచ్చాక, వెంట వచ్చిన భార్య తన ఎడమవైపు నడవబోతే చెయ్యి పట్టి కుడివైపుకి లాగాడు.

"ఈ పక్కన నడువు. ఈ చెవి కొంచెం నయం."

పైన గదిలో పియానో మూత తెరిచే ఉంది. తీగల నడుమ ఎర్రటి ఉన్ని పట్టీ అలాగే ఇరుక్కుని ఉంది, ఒక కొస బయటికి వేలాడుతూ.