‘తప్పు’ అనని అంగడి పిల్ల

తమిళనాట చూలై పేటలో వెంకటపతి ఇనుప సామాన్ల అంగడికి మూడు తరాలుగా ఒక కట్టడి ఉంది. కొనడానికి వచ్చినవాళ్ల ముఖాన ‘లేదు’ అనకూడదు, ‘తప్పు’ అనకూడదు. సరుకు అయిపోతే ‘రేపొస్తుంది’ అనాలి. వాళ్లు పేరు తప్పు చెబితే ‘మీరడిగేది ఇదేనా చూడండి’ అనాలి. ఆయన కూతురు రంజిత ఎనిమిదో ఏట నుంచీ ఆ అంగట్లో స్టూలెక్కి కూర్చున్న పిల్ల. ఆ రెండు మాటలూ ఆమె నోట పలకవు. ఆ నోటితోనే ఇంగ్లీషు టీచరవుదామని బయలుదేరింది, అదీ తమాషా!

రెండు బళ్లలో డెమో క్లాసు చెప్పింది, రెండు చోట్లా తప్పింది. పిల్లలు తప్పు చెబితే దిద్దాలి కదా, ఈవిడ నవ్వి ఊరుకుంది. ‘పిల్లల తప్పులు దిద్దడం చేతకాదు’ అని రెండు చోట్లా ఒకే మాట అని పంపేశారు. ఇది మూడోది. ఇదీ పోతే, మోకాళ్ల నొప్పులతో లేవలేని నాన్నకు తోడుగా జీవితాంతం నట్లూ బోల్టులూ ఏరుతూ కూర్చోవాలి. నాన్న ఆ మాట పైకి అనలేదు. అనకపోవడమే ఆమెకు ఎక్కువ భయంగా ఉంది.

బడి చింతాద్రిపేటలో. ఏడో తరగతి. హెడ్‌మిస్ట్రెస్ జెబ వెనక బెంచీలో పెన్ను పట్టుకుని కూర్చున్నారు. చెప్పాల్సిన పాఠం చీటీలో రాసిచ్చారు: ఇంగ్లీషులో ‘ద’ ఎప్పుడనాలి, ‘దిస్’, ‘దట్’ ఎప్పుడనాలి. రంజిత ఆ చీటీని రెండుసార్లు చదువుకుంది. మనకు ‘ఈ’ ఉంది, ‘ఆ’ ఉంది. ‘ద’ని ఎక్కణ్ణుంచి తెచ్చేది? పుస్తకంలోని సూత్రాలు నాలుగు చెప్పేసరికి పిల్లలకు ఆవలింతలొచ్చాయి.

“ఎవరైనా ఒక వాక్యం చెప్పండి,” అంది దిక్కుతోచక.

నివేదిత అనే పిల్ల బెదురుతూ లేచింది. “గివ్ మి ద చాక్‌పీస్, మిస్.”

బల్ల మీద డబ్బా నిండా చాక్‌పీసులు, నాలుగు రంగులవి. ఏదని ఇవ్వడం? ఇక్కడ ‘తప్పు’ అనాలి. జెబ పెన్ను కాగితం మీద ఆనింది. రంజిత నాలుక ఎంతకీ కదల్లేదు. కదిలేసరికి వచ్చింది మాత్రం అంగడి గొంతు.

“ఫోర్ కలర్స్ ఉంది మేడమ్! విచ్ వన్ కావాలి?”

తరగతి గొల్లుమంది. నివేదితకు హుషారొచ్చి వేలు చాపింది. “దట్ చాక్‌పీస్!” రంజిత పచ్చది తీసి చేతికిచ్చింది. “దిస్ చాక్‌పీస్ ఈజ్ నైస్,” అంది ఆ పిల్ల గుప్పిట్లో పట్టుకుని.

ఇక రంజితను ఆపేదెవరు! వెనక్కి తిరిగి, చెయ్యి చెవికి ఆనించుకుంది. “ఇప్పుడు ఫోన్‌లో మాట్లాడుతున్నారు మేడమ్. మీ వేలు నాకు కనబడదు. సరుకు విరిగిపోయింది, ఎలా చెబుతారు?”

నివేదిత కూడా చెయ్యి చెవికి ఆనించుకుంది. “ఐ బాట్ ఎ చాక్‌పీస్ యెస్టర్‌డే. ద చాక్‌పీస్ ఈజ్ బ్రోకెన్.”

“ఆ, ఏ చాక్‌పీసో నాకు తెలిసిపోయింది! ఇద్దరికీ తెలిసినదైతే వేలు చూపించక్కర్లేదు, ‘ద’ చాలు.” అంటూనే రంజిత “షట్ ద డోర్” అంది. గదికి ఉన్నది ఒకటే తలుపు. ముందు బెంచీ పిల్లవాడు మారుమాట లేకుండా వెళ్లి వేసొచ్చాడు.

“ఫోన్‌లో ‘దట్ చాక్‌పీస్ ఈజ్ బ్రోకెన్’ అనకూడదా మిస్?” అన్నాడు వస్తూ వస్తూ.

“అనొచ్చు. కానీ ఇన్నింటిలోనూ అదొక్కటే పట్టుకుని నిలదీసినట్టుంటుంది. అంగడామె కాస్త భయపడుతుంది.”

గంట కొట్టారు. “మళ్లీ రండి మేడమ్, మళ్లీ రండి సార్,” అని తరగతికంతా దండం పెట్టేసింది రంజిత. పెట్టాక గానీ ఇది అంగడి కాదని గుర్తు రాలేదు.

జెబ ఆమెను వరండాలోకి పిలిచారు. “ఒక్కసారైనా ‘తప్పు’ అనలేదే మీరు?” అన్నారు తమిళంలో.

“మా అంగట్లో అలా అనరు మేడమ్,” అంది రంజిత తల వంచుకుని.

“ఆ నివేదితను ఒకసారి ‘తప్పు’ అంటే నెల రోజులు నోరెత్తదు. ఇవాళ తన తప్పు తనే దిద్దుకుంది. సోమవారం నుంచి రండి.”

రంజితకు ఒళ్లంతా తేలికైపోయింది. ఏడుపూ నవ్వూ కలిసి వస్తుంటే కుళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కుంది. తడిచేత్తోనే ఫోన్ చేసింది.

“నాయనా, ఉద్యోగం వచ్చింది. సోమవారం నుంచి రమ్మన్నారు.” ఆ వెంటనే గొంతు తగ్గించింది. “అంగట్లో నీకు మనిషి...”

“మనిషి ఈడనే ఉండాడు మా. పోయిన వారమే రంగసామితో మాట్లాడి పెట్టినా. పొద్దన్నుంచీ నీ స్టూలు మీదనే కూర్చోనుండాడు.”

“పోయిన వారమా? నేను మళ్లీ తప్పి ఉంటే?”

“తప్పి ఉంటే నాలుగో బడికి పోయుంటావు,” అన్నాడు వెంకటపతి. “నిన్ను అంగడికి రమ్మని నేనెప్పుడన్నా అడిగినానా?”