గొంతులో వెలిగిన మచ్చ

ఆ అమ్మాయి వాళ్ళ నాన్న కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడేవాడు. నోరు తెరిస్తే మూత పడదు. అందరూ ఆయన్ని లౌడ్‌స్పీకర్ అనేవారు. దేవుడికి వేరే చోటే దొరకనట్టు, ఆ గొంతులోనే కేన్సర్ పుట్టింది. మందులూ రేడియేషనూ పూర్తయ్యాయి. రోగం పోయిందో లేదో తేల్చే స్కాన్ తీసేది సొంత కూతురే.

"కేన్సర్ కణాలకి చక్కెర పిచ్చి నాన్నా," అంది సూది వేస్తూ. "గాలి అందుతున్నా చక్కెరని పూర్తిగా మండించవు. సగం కాలిన కట్టె పారేసి కొత్త కట్టె లాక్కునే వంటవాడిలాగన్నమాట. అందుకే ఎంతున్నా చాలదు. ఈ మందు కూడా చక్కెరలాంటిదే. ఎక్కడ ఎక్కువ తాగితే అక్కడ తెరమీద వెలుగుతుంది. పనిచేసే కండరమూ తాగుతుంది కాబట్టి గంటసేపు నోరు మెదపకు."

"మెదిపితే ఒట్టు," అన్నాడాయన.

తెరమీద గొంతు భగ్గున వెలిగింది.

"మాట్లాడాడా?" అని పెద్ద డాక్టరు అడిగితే, "మా నాన్న మాట తప్పడు సార్," అంది గట్టిగా. అయితే కోసి ముక్క తీసి పరీక్షించాల్సిందే అన్నాడాయన. అసలే రేడియేషన్ తిన్న గొంతు, కోస్తే మళ్ళీ పలుకుతుందన్న నమ్మకం లేదు.

బయట, ఆ గంటసేపూ తండ్రి పక్క కుర్చీలో కూర్చున్న రోగి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "మీ నాన్న గోడ గడియారాన్ని వేలం వేశాడమ్మా! నేనే పాడుకున్నా!"

"గుసగుసగానేలే," అన్నాడు తండ్రి దర్జాగా. "ఆగిపోయిన గడియారం, అయినా అమ్మేశా."

నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్ళి, "నేను చెప్పింది తప్పు సార్, కోతకి ముందు మళ్ళీ స్కాన్ తీయనివ్వండి," అంది. ఆయన సరేనన్నాడు.

రెండోసారి సూది వేశాక పక్కన ఇంకో రోగి కూర్చున్నాడు. మార్కెట్ మనిషని తెలిసి, "మీవన్నీ దొంగ తూకాలేగా?" అన్నాడు. అద్దం అవతల అది విన్న కూతురు లేచి నిలబడింది. ఆ మాట అన్నవాణ్ణి ఆయన ఊరికే వదిలిన దాఖలా లేదు. తండ్రి మొహం కందగడ్డయింది. పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, ఆ మాట దిగమింగాడు. మా నాన్నంటే ఇదీ అనుకుని ఆమె పొంగిపోయింది.

ఈసారి తెరమీద గొంతులో చుక్క వెలుగు లేదు. ఆమె మళ్ళీ మళ్ళీ చూసుకుంది. డాక్టరూ చూసి, "శుభ్రంగా ఉంది, కోత అక్కర్లేదు," అన్నాడు.

"ఇక మాట్లాడొచ్చు నాన్నా."

తూకం మాట ఎత్తినవాడు ఎదురుగానే ఉన్నాడు. ఆయన వాడి వంక చూడనైనా లేదు. కూతురి భుజం పట్టుకుని, వరండాలో ఉన్నవాళ్ళందరి వైపూ తిరిగి, "నా కూతురు," అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు గానీ ఏడుపు అడ్డొచ్చింది.