రెండు వేళ్ల వదులు

"అట్ల కాదు మనవరాలా, 'నేను' అని పెట్టకు. సాలమన్ అని పెట్టు. 'నేను' అంటే నాకు మాట ముందుకు రాదు. సాలమన్ అని ఎవడో ఒక ముసలోడు ఉన్నడనుకో, వాని ముచ్చట చెప్తున్న. నేను నా తీరుగ చెప్త, నువ్వు పుస్తకంల ఉన్నట్టు మంచిగ రాయి. జల్ది లేదు. ఏడిదాంక అచ్చినం? ఆఁ, కుక్కపిల్ల."

ఆ కుక్కపిల్లను తెచ్చింది సాలమన్ కొడుకు ఆండ్రూ. సాలమన్ భార్య రూతమ్మ చనిపోయి అప్పటికి ఆరు నెలలు. కొడుకు, కోడలు సెరీనా పొద్దున్నే ఆఫీసులకు వెళ్లిపోతే, మధురానగర్‌లోని ఆ రెండో అంతస్తు ఇంట్లో సాయంత్రం దాకా సాలమన్ ఒక్కడే. ముసలాయన గోడతో మాట్లాడుతున్నాడని పక్కింటివాళ్లు చెవిన వేస్తే, ఆండ్రూ ఒక ఆదివారం దాన్ని చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. పామేరియన్‌కూ వీధి కుక్కకూ పుట్టిన పిల్ల. ఒళ్లంతా నల్లటి జూలు. కళ్లెక్కడున్నాయో వెతుక్కోవాలి.

సాలమన్ పంజాగుట్టలో ఒక ఆఫీసు బిల్డింగులో ముప్పై ఒక్క సంవత్సరాలు లిఫ్టు నడిపాడు. ఎక్కిన ప్రతివాడికీ సలాం కొట్టాడు. అందుకే ఆ పిల్లకు ఆఫీసర్ అని పేరు పెట్టాడు. రెండు చేతులా పైకెత్తుతూ "ఏ ఫ్లోర్ సార్?" అని అడిగేవాడు. అది ఆయన ముక్కు నాకేది. రూతమ్మ పోయాక ఆయన నవ్వడం అదే మొదలని సెరీనా పుట్టింటికి ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. సాలమన్ వాళ్ల చర్చిలో సంఘ పెద్ద. చదువు మూడో తరగతే అయినా మాట గట్టిది. పదేళ్ల క్రితం నవీన అనే ఆమె ఇంట్లో ప్రార్థన కూడిక జరుగుతుంటే, ఆమె ఎనిమిది నెలల బిడ్డ కాలికి నల్లదారం కనబడింది. సాలమన్ పాట మధ్యలో ఆపించి కత్తెర తెమ్మన్నాడు. అందరి ముందూ ఆ దారం కత్తిరించి కిటికీలోంచి పారేశాడు. "దేవుడు కాపాడతలేడా నీ బిడ్డను? దారం కాపాడ్తదా?" అన్నాడు. నవీన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మళ్లీ కూడికకు రాలేదు. అప్పట్నుంచి సంఘంలో ఆయన ముందు ఎవరూ దిష్టి అనే మాట ఎత్తలేదు.

జూలైలో ఆఫీసర్ తిండి మానేసింది. పాలు పోస్తే ముఖం తిప్పుకుంది. మూడు రోజులు మూలన ముడుచుకుని పడుకుంది. అపార్ట్‌మెంటు మెట్లు కడిగి, వాళ్లింట్లో కూడా పనిచేసే నాగేశ్వరి చీపురు పక్కన పెట్టి దాని ముందు కూర్చుంది.

"తాతా, దిష్టి తాకింది దీనికి. మొన్న బిల్డింగోళ్లందరు ఎత్తుకొని ముద్దులు పెట్టలే? జర కాలికి నల్లదారం కట్టున్రి, రేపటికి లేచి ఉరుకుతది."

వంటింట్లోంచి సెరీనా తల బయటపెట్టింది. "మా ఇంట్లో అలాంటివి ఉండవు నాగేశ్వరీ. మామయ్య గారు విన్నారంటే నిన్ను కూడా ప్రార్థనలో కూర్చోబెడతారు."

"విన్న, విన్న," అన్నాడు సాలమన్. "అవి సైతాన్ పనులు. గా మాట నా ఇంట్ల ఇంకోసారి రావద్దు."

"సరే తాతా, నేనేమన్న కడుతున్ననా? నోట్లకెంచి అచ్చింది, అనేసిన," అని నాగేశ్వరి చీపురు అందుకుంది. ఆమె కుడికాలికి నల్లదారం ఉంది. సాలమన్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

మరునాడు ఇంట్లో ఎవరూ లేరు. ఆఫీసర్ ఊపిరి తీసుకుంటోందో లేదో తెలియడం లేదు. సాలమన్ మోకరించి ప్రార్థించాడు. లేచి చూశాడు. అది అలాగే ఉంది. మళ్లీ మోకరించాడు. ఈసారి లేచి అలమారు తీశాడు. రూతమ్మ సూదులూ దారాలూ దాచుకున్న బిస్కెట్ డబ్బా కిందకు దించాడు. నల్లదారం మూడు పేటలు కలిపి పురి పెట్టాడు. ఎడమ ముందుకాలికి, పాదానికి కాస్త పైన చుట్టి, మూడు ముడులు వేశాడు. జారిపోతుందేమోనని గట్టిగా బిగించాడు. పైన జూలు దువ్వి కప్పేశాడు. వారం రోజులు ఉంచి తీసేద్దాం అనుకున్నాడు. తలుపు గడియ పెట్టి ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు.

సాయంత్రానికి ఆఫీసర్ లేచి పాలు తాగింది. ప్రార్థన పనిచేసిందో దారం పనిచేసిందో సాలమన్‌కు తెలియలేదు. అందుకని రెండూ ఆపలేదు.

వారం దాటింది. నెల దాటింది. కుక్క పెరుగుతోంది, జూలు పెరుగుతోంది. దారం సంగతి ఆయన మరిచిపోయాడు. మరిచిపోవాలనే మరిచిపోయాడు.

నవంబరులో ఆఫీసర్ ఎడమ పాదం నాకడం మొదలుపెట్టింది. కూర్చున్నా పడుకున్నా అదే పని. సెరీనా వేళ్ల సందులు విడదీసి చూస్తే ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. "ఏంటిది, ఫంగస్‌లా ఉంది. మెట్రో స్తంభాల కింద ఆ బురదలో తిప్పొద్దంటే వినరు మామయ్య గారు," అంది. అమీర్‌పేటలో పెట్ షాపతను పౌడరు ఇచ్చాడు. పసుపు, కొబ్బరినూనె పూశారు. ఉప్పునీళ్లతో కడిగారు. నాకకుండా మెడకు ప్లాస్టిక్ గరాటు తగిలించారు. అందరూ పాదమే చూశారు. పాదం పైన ఏముందో ఎవరూ చూడలేదు. పాదం రోజురోజుకూ ఉబ్బింది. చీము కారింది. తర్వాత వాసన మొదలైంది. అగరొత్తులు వెలిగించే ఇల్లు కాదు అది. కిటికీలు తీసి కూర్చున్నారు.

"శనివారం లీవు పెడ్త డాడీ, డాక్టర్ దగ్గరికి తీస్కపోదాం," అన్నాడు ఆండ్రూ.

అది బుధవారం. మధ్యాహ్నం సాలమన్ కుక్కను ఒళ్లో వేసుకుని కూర్చున్నాడు. పాదాన్ని ముట్టనివ్వడం లేదు కదా అని కాలు పైభాగం నిమిరాడు. చెయ్యి కిందకు జారుతుంటే ఒకచోట వేలు లోపలికి దిగింది. కాలి చుట్టూ గాడి. ఉంగరం వేసి తీసిన చోటులా ఉంది. గాడి అంచున తడి.

సాలమన్‌కు జూలైలో తను వేసిన ముడులు గుర్తొచ్చాయి. దారం ఊడిపోలేదు. దారం ఉన్నంతే ఉంది. కాలే పెరిగింది.

గోళ్ల కత్తెర తెచ్చాడు. జూలు విడదీశాడు. ఉబ్బిన మాంసంలో దారం ఎక్కడుందో కళ్లకు ఆనలేదు. కత్తెర మొన తగలగానే ఆఫీసర్ గుర్రుమంది. అది ఆయన మీద గుర్రుమనడం అదే మొదటిసారి. వెంటనే తప్పు చేసినట్టు గరాటులోంచి మూతి బయటకు సాచి ఆయన చెయ్యి నాకింది. ఆయన కత్తెర కిందపెట్టేశాడు.

ఒక్క మాట చాలు. కొడుకుకు ఫోన్ చేసి, దారం ఉందిరా, నేనే కట్టిన అంటే, గంటలో వచ్చి తీసుకెళ్తాడు. సాయంత్రం ఆండ్రూ షూ విప్పుతుంటే సాలమన్ దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు.

"ఆండ్రూ..."

"ఏంది డాడీ?"

కత్తెర తెమ్మన్న తన గొంతు తనకే వినబడింది. నవీన నోట్లో కొంగు కనబడింది. వచ్చే ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, రొట్టె ద్రాక్షరసం పంచే ఆరాధన. రొట్టె పళ్లెం పట్టుకుని వరుస వరుసకూ తిరగాల్సింది తనే.

"చాయ్ తాగుతవా?"

"తాగే అచ్చిన డాడీ."

గురువారం అలాగే అయింది. శుక్రవారమూ అంతే. ఎలాగూ డాక్టరు చూస్తాడు, ఆయనకే కనబడుతుంది, నేను చెప్పడమెందుకు అని సాలమన్ తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. కుక్క మూలిగితే టీవీ సౌండు పెంచాడు.

శనివారం పంజాగుట్టలో డాక్టర్ రవికాంత్ దగ్గరకు వెళ్లారు. ఆయన పాదాన్ని పట్టుకోగానే ముఖం మార్చుకున్నాడు. "ఇంత చల్లగా ఉందేంటి?" అని, మిషన్‌తో కాలి వెంట్రుకలు తీయడం మొదలుపెట్టాడు. జూలు కింద చర్మం బయటపడింది. గాడికి పైన గులాబీ రంగు. గాడికి కింద నల్లగా, వంకాయ తొక్కలా. సన్నటి పట్టకారుతో గాడి లోపలి నుంచి ఏదో లాగి, కత్తిరించి, తెల్లటి పళ్లెంలో వేశాడు.

ముడులు అలాగే ఉన్నాయి. మూడు.

"ఎవరు కట్టారిది?"

"మేం క్రిస్టియన్స్ సార్. మా ఇంట్ల ఎవ్వరు కట్టరు ఇసొంటివి," అన్నాడు ఆండ్రూ.

సెరీనా పళ్లెంలోకి చూస్తూ ఉంది. ఉన్నట్టుండి తలెత్తింది. "నాగేశ్వరి! ఆవిడే అంది కదా ఆరోజు, నల్లదారం కట్టండి అని? మామయ్య గారూ, మీరు కూడా విన్నారు. మీరు తిట్టారు కూడా."

సాలమన్ కుక్క తల పట్టుకుని ఉన్నాడు. తల ఊపాడు. విన్నాననే ఊపాడు. వాళ్లు నాగేశ్వరే కట్టిందనుకున్నారు.

"రక్తం ఆడడం ఆగిపోయింది," అన్నాడు డాక్టరు. "ఇంకో రెండు మూడు రోజులు ముందు తెచ్చి ఉంటే పాదం మిగిలేదేమో. ఇప్పుడు కాలు తీసేయాలి. లేకపోతే విషం ఒళ్లంతా ఎక్కుతుంది."

సాలమన్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. గురువారం, శుక్రవారం, శనివారం.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చేసరికి నాగేశ్వరి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. సెరీనా రమ్మని ఫోన్ చేసింది. ఎదురింటివాళ్లు, కింది అంతస్తువాళ్లు కూడా మెట్ల మీద చేరారు.

"నేను కట్టలేదమ్మా," అంది నాగేశ్వరి. "అన్న మాట నిజమే. కట్టలే."

"మరి ఇంకెవరు కడతారు? మా ఇంట్లోకి వచ్చేవాళ్లలో కాలికి దారం ఉన్నది నీకొక్కదానికే కదా?"

నాగేశ్వరి చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి కుడికాలు ముందుకు పెట్టింది. దారం కిందకు రెండు వేళ్లు దూర్చి చూపించింది.

"గిట్ల కడ్తరమ్మా. రెండు వేళ్లు పట్టాలె. పెరిగే పాణమైతే ఇంకింత వదులు ఇడ్సాలె, నెలకోసారి ఇప్పి మార్చాలె. నా ముగ్గురు పిల్లలకు కట్టిన, ఒక్కలకన్న చర్మం కందిందా? కట్టుడు రానోళ్లెవరో కట్టిన్రు గది. ఎన్నడు కట్టనోళ్లు, ఇంకొకల్ని అడగనోళ్లు."

ఆమె కళ్లు సెరీనా మీంచి, ఆండ్రూ మీంచి వచ్చి సాలమన్ దగ్గర ఆగాయి. ఆయన ఇంకా తెల్ల చొక్కాలోనే ఉన్నాడు. చేతిలో బైబిలు ఉంది.

"తాతా, పొద్దంత ఇంట్ల ఉండేది నువ్వే. నువ్వు చెప్పు. నేను కట్టంగ చూసినవా?"

ఆమెకు తెలిసిపోయిందని ఆయనకు తెలిసింది. అయినా ఆమె బయటపెట్టలేదు. ఆయన నోటితోనే రానీ అని ఊరుకుంది.

"దేవునికే ఎరుక," అన్నాడు సాలమన్.

నాగేశ్వరి తల ఊపింది. కుచ్చిళ్లు దించుకుంది. "మంచిది తాతా. ఆయనకైతే ఎరుకున్నది," అని మెట్లు దిగిపోయింది. మెట్లు కడిగే పని కూడా ఆ సాయంత్రమే పోయింది. మూగజీవిని హింసపెట్టిందని బిల్డింగ్ గ్రూపులో రాశారట.

ఆఫీసర్ బతికింది. మూడు కాళ్లతో గెంతుతూ వస్తుంది. టైల్స్ మీద జారి గడ్డం కొట్టుకుని మళ్లీ లేస్తుంది. పొద్దున కొడుకూ కోడలూ వెళ్లిపోగానే సాలమన్ ముందుకు వచ్చి, ఎత్తుకోమని ఉన్న ఒక్క ముందుకాలూ పైకెత్తుతుంది. ఆ కాలు ఎత్తితే నిలబడలేక పక్కకు పడిపోతుంది. అయినా రోజూ ఎత్తుతుంది. సాలమన్ ఎత్తుకుంటాడు. ఏ ఫ్లోర్ అని మాత్రం అడగడు.

ఒక రోజు, తుడిచిన తడి నేల మీద కూర్చుని, తన కాలికే దారం కట్టుకుని చూశాడు. బిగించినా రెండు వేళ్లు పట్టాయి. ముసలి కాలు కదా, ఇంక పెరిగేదేముంది.

"ఆగు మనవరాలా, ఏడ్వకు. కాగితం తడుస్తది. గంతే, అయిపోయింది. నాగేశ్వరి ఇప్పుడు అమీర్‌పేటల, మీ హాస్టల్ ఎనకాల సందుల గా ఇంకో ఆడపిల్లల హాస్టల్ ఉన్నది సూడు, అందుల గిన్నెలు తోముతున్నదట. ఆమెకు చదువు రాదు. రేపు కోచింగ్ ఇడ్సినంక పోయి, ఆమె ముందు కూసొని ఇది చదువు. మెల్లగ చదువు. అక్కడున్నోళ్లు సుత ఇననీ, గొంతు దించకు. 'దేవునికే ఎరుక' అన్న కాడ ఆగకు. చదివినంక, ఆ సాలమన్ మా తాతే అని నీ నోటితోని చెప్పు. ముందుగాల ఆమెకు. మీ మామ ఆండ్రూకు, మీ అత్తకు తర్వాత. ఆదివారం చర్చిల అందరి ముందట చదువుదువు, నేను పక్కన నిలవడ్త. గని ముందుగాల ఆమెకు చదువు బిడ్డా."