ఆశీర్వాదం బిగించిన బోల్టు

మా అన్న ఆశీర్వాదం ఎంత పొడుగో ఉన్నదున్నట్టు చెప్తే మీరు నమ్మరు. కొంచెం తగ్గించి చెప్తా. ఏడడుగులు. మా ఇంటి గుమ్మాన్ని వంగకుండా దాటింది ఒక్కసారే. ఆగస్టులో, పెట్టెలో పడుకుని.

నేను తలకి రాసుకున్న నూనెతో కలిపి ఐదడుగులు.

అన్న చిల్లకల్లు మిషన్ బడిలో మేస్టరు. రోజూ జగ్గయ్యపేట నుంచి సైకిలు మీద వెళ్లొచ్చేవాడు. ఆదివారం పొద్దున గుడిలో ప్రార్థనకి వెళ్లడానికి అన్న బట్టలు మార్చుకుంటుంటే, నేను సైకిలు సీటు అడుగుదాకా దించేసేవాణ్ణి. అన్న ఎక్కేవాడు. మోకాళ్లొచ్చి గడ్డానికి తగిలేవి. "ఒరే జీవా" అని వీధిలోంచి అరిచేవాడు. ఆ అరుపుకి నందిగామలో కోళ్లు లేచేవి. పొయ్యి దగ్గర్నుంచి అమ్మ, "మళ్లీ దించావంట్రా? అన్న చూస్తే తంతాడు" అనేది.

అన్న ఎప్పుడూ తన్నలేదు.

జూలైలో ఒక ఆదివారం చూస్తే, అన్న అరుగు మీద కూర్చుని ఊరికే నవ్వుతున్నాడు. సైకిలు దగ్గరికెళ్లా. సీటు బోల్టుని పానాకి పైపు తగిలించి మరీ బిగించాడు. ఆపైన ఆకురాయితో మూలలన్నీ అరగదీసి గోలీకాయలాగా చేసాడు. పానా పెడితే జారిపోతోంది.

"లాగరా," అన్నాడు. "పోయినవాళ్లంతా లేచొచ్చే తీర్పు దినం దాకా టైముంది."

నా ఇరవయ్యేళ్ల జీవితంలో అంత అవమానం ఎప్పుడూ జరగలేదు. పగ తీర్చుకోడానికి పద్నాలుగు ఉపాయాలు ఆలోచించి పెట్టుకున్నా. ఒక్కటీ వాడలేదు. మూడు వారాలకి అన్నకి టైఫాయిడ్ వచ్చింది.

అన్న పోయిన నలభయ్యో రోజు ప్రార్థనకి బడి హెడ్మాస్టరు స్తెఫను గారొచ్చారు. అన్న ఉద్యోగం నాకిస్తానన్నారు. ఇంట్లో ఇక అమ్మా నేనే. వేరే దారి లేదు.

సీటు దించుతానంటే అమ్మ ఒప్పుకోలేదు. రోజూ పొద్దున్నే పాత చీరముక్కతో ఆ సీటు తుడుస్తోంది.

"అది వాడు బిగించింది. ఉండనీ," అంది.

ఉండనిచ్చా. కాలు ఫ్రేములోంచి దూర్చి, చిన్నపిల్లల్లాగా కత్తెర తొక్కుడు తొక్కుకుంటా బడికెళ్లా. మొదటి రోజు బడంతా బయటికొచ్చి చూసింది. రెండో రోజు ఊరంతా. మూడో రోజు చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు.

స్తెఫను గారు పక్కకి పిలిచారు. "అబ్బాయ్, మేస్టరన్నవాడు సీటు మీద కూర్చుని రావాలి."

"నడిచొస్తానండి."

"నువ్వు నడిచొచ్చేసరికి సాయంత్రం లాంగ్ బెల్లు కొడతారు. సోమవారం మనిషిలాగా వస్తే రా. లేదంటే ఇంకొకళ్లని చూసుకుంటా. మీ అన్న పేరన్నా మిగలనీ."

ఇంటికొచ్చి అమ్మకి చెప్పా. చేతిలో ఉన్న చీరముక్క దండెం మీదేసి లోపలికెళ్లింది. అదే ఒప్పుకోడం.

పేటలో ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేసారు. శనివారం సైకిల్ని బస్సు టాపు మీద కట్టించి, నందిగామలో బసవయ్య కొట్టుకి తీసుకెళ్లా. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసాడు.

"ఇది అరిగిన బోల్టు కాదబ్బాయి, అరగదీసింది. నీమీద ఎవరికో పగ ఉన్నట్టుందే."

"మా అన్నకండి."

"ఆయన్నే పట్టుకురాపోయావా? ఆయన చేతే తీయించేవాళ్లం."

"ఊళ్లో లేడండి."

"ఎప్పుడొస్తాడు?"

"తీర్పు దినానికండి."

బసవయ్య నా మొహం చూసాడు. బోల్టు మీద కిరసనాయిలు పోసి, నానేదాకా టీ తాగొద్దాం రమ్మన్నాడు. వచ్చాక ఆకురాయితో ఆ గోలీకాయకి రెండు పక్కలా చదును చేసాడు. పానా పట్టింది. లాగాడు. కదల్లేదు. నేనూ పట్టా. ఇద్దరం కాళ్లు గోడకి తన్నిపెట్టి లాగాం. నలభై రోజులు దాటినా అన్న చెయ్యి దాన్ని ఇంకా వదల్లేదు.

టప్పున తెగింది. సీటు దానంతటదే అడుగుదాకా జారింది.

బసవయ్య కొత్త బోల్టు వేసి, పాత ముక్కల్ని ఇనప తుక్కు డబ్బాలో వెయ్యబోయాడు.

"అవి నాకియ్యండి."

"ఏం చేసుకుంటావు?"

"వాటితో నాకు పాత గొడవుందండి."

ఎక్కి కూర్చున్నా. కాళ్లు చక్కగా అందాయి. అన్నని ఏడిపించడానికి ఇన్నాళ్లూ దించిన చోటు, అచ్చంగా నా ఎత్తే.

తిరిగి తొక్కుకుంటా వస్తున్నా. చిల్లకల్లు దాటాక తట్టింది. అంత పొడుగు మనిషి, ఎక్కబోయే ముందు సీటు జానెడు దిగిందని చూసుకోడా? వారం వారం చూసే ఎక్కాడు. మోకాళ్లు గడ్డానికి తగిలించుకుని, నాకోసం అరిచాడు.

సైకిలు దిగి కొంతదూరం నడిపించుకుంటా వచ్చా.

ఇల్లు చేరేసరికి అమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. సైకిలు గోడకి ఆనించా. సీటు వంక చూసింది.

"మళ్లీ దించావంట్రా? అన్న చూస్తే..."

చేట ఆగిపోయింది. ఇద్దరం వీధి వైపు చూసాం. ఎవరూ అరవలేదు.

అమ్మ లేచి, దండెం మీది చీరముక్క తెచ్చుకుంది. ఇన్నాళ్లూ నిలబడి తుడిచిన సీటుని, ఈసారి కొంచెం వంగి తుడిచింది.