ఇంక తినొచ్చమ్మా

నేను ఒక బటన్ల ఫోన్ని. నాలో పాటలు లేవు, బొమ్మలు లేవు. వెనక మూత ఊడిపోకుండా ఒక రబ్బరు బ్యాండు. ఫ్యాక్టరీలో నన్ను బిగించినప్పుడు ఏ కొత్త జంట చేతిలోనో పడి తీరుబడిగా కబుర్లు మోస్తాననుకున్నాను. అబ్బే, అంత అదృష్టమా! విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి వాళ్ళు కొని నయోమి సిస్టర్ చేతిలో పెట్టారు. ఎవరైనా బ్రెయిన్ డెడ్ అయి, ఇంట్లోవాళ్ళు ఒప్పుకుని కిడ్నీలు ఇస్తే, వరసలో ఎదురుచూసేవాళ్ళని పిలిపించడం ఆవిడ పని. ఆ పిలుపు మోయడం నా పని.

మీ మనుషులకి ఒక అలవాటుంది. ఎదురుపడితే చాలు, "తిన్నారా?" అంటారు. అవతలివాడు తిన్నాడో పస్తున్నాడో మీకేం పట్టదు, ఊరికే మర్యాదకి. నా దగ్గర ఆ ఆటలు సాగవు. ఆపరేషన్‌కి కడుపు ఖాళీగా ఉండాలి కనక సిస్టర్ అడిగే మొదటి ప్రశ్నే అది. ఆ మాట వినబడగానే, కిడ్నీ దొరికిందని అవతలివాళ్ళకి తెలిసిపోయేది. "లేదు సిస్టర్, లేదు!" అని అరిచేవాళ్ళు. నోట్లో ముద్ద ఉమ్మేసి మరీ లేదన్న ఘనులున్నారు.

ఒకసారి సిస్టర్ మందుల సంగతి కనుక్కుంటూ, మాటవరసకి "తిన్నావా?" అనేసింది కామేశ్వరిని. ఈ కామేశ్వరి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసేది. రెండు కిడ్నీలూ పాడై డయాలసిస్ మీద బతుకుతోంది. మొగుడు దాలయ్య ఆటో తోలుతాడు. పాపం, ఆ ఒక్క మాటకే ఇద్దరూ సంచీ సర్దుకుని స్టేషన్‌కి బయల్దేరిపోయారు. సిస్టర్ మళ్ళీ ఫోన్ చేసి, అయ్యో, ఊరికే అడిగానమ్మా అంటే కామేశ్వరి నవ్వేసింది. "పోన్లెండమ్మా, రైలెక్కనేదు కదా" అంది. ఆ తరవాత సిస్టర్ నాలోంచి ఎవర్నీ ఊరికే ఆ మాట అడగలేదు.

నిజం పిలుపులూ వచ్చాయి ఆమెకి. కాకపోతే ఒక్క కిడ్నీకి ఇద్దర్ని పిలుస్తారు. మొదటివాళ్ళకి రక్తం సరిపడకపోయినా, జ్వరం తగిలినా రెండోవాళ్ళకి పెడతారు. కామేశ్వరిది ఎప్పుడూ రెండో పేరే. అంత దూరం వచ్చి, గుక్కెడు నీళ్ళు కూడా ముట్టకుండా బెంచీ మీద కూచునేది. లోపల మొదటివాళ్ళకి అన్నీ సరిపోయాయని తెలిశాక సిస్టర్ వచ్చి పక్కన కూలబడేది. నీకు లేదమ్మా అనడానికి ఆవిడకి నోరు రాదు. "ఇంక తినొచ్చమ్మా" అనేది, అంతే. దాలయ్య తల దించేసుకునేవాడు. కామేశ్వరి మాత్రం, "అయితే ఇడ్లీ పెట్టించండి సిస్టరమ్మా, ఆకలేస్తంది" అనేది. సిస్టర్ జేబులో ఉండి ఇవన్నీ వింటూ ఉండేసరికి నాకూ ఆమె మీద ప్రాణం పడింది.

ఒకరోజు పొద్దున్నించీ సిస్టర్ ఒక తల్లి దగ్గరే ఉంది. ఆవిడ కొడుకు బండి మీంచి పడ్డాడు, మరి లేవలేదు. ఆవిడ ఏడ్చి ఏడ్చి చివరికి, "మా వాడివి ఎవరికైనా పెట్టండమ్మా, వాళ్ళయినా బతుకుతారు" అంది. సిస్టర్ బయటికొచ్చి, కళ్ళు తుడుచుకుని నన్ను తీసింది. ఈసారి మొదటి పేరు కామేశ్వరిది! ఆవిడ నా బటన్లు గబగబా నొక్కింది. ఆత్రం నాకు మాత్రం లేదూ? ఉన్న సిగ్నలంతా గట్టిగా పట్టుకున్నాను.

మొదటి రింగుకే ఎత్తారు.

"కామేశ్వరీ, ఏమైనా తిన్నావా?"

దాలయ్య గొంతు వచ్చింది.

"నాను దాలయ్యనమ్మా. అది నేదు. ఎలిపోనాది, మొన్న అమాసకి."

సిస్టర్ నన్ను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. "ఒక్క మాట చెప్పలేదేం దాలయ్యా?"

"సెప్తే పేరు కొట్టేస్తారు కదమ్మా. అలా ఉండనీ అనుకున్నాను. ఈ ఫోన్ ఆపొద్దని అంటుండేది. రోజూ చార్జింగు పెడతన్నాను."

సిస్టర్ భోరుమంది. ఎన్ని చావులు చూసిన మనిషి! చిన్నపిల్లలా వెక్కుతుంటే కన్నీళ్ళు నా బటన్ల సందుల్లోకి దిగాయి. దాలయ్యే ఓదార్చాడు.

"ఊరుకోండమ్మా. మద్దేనం దాటిపోనాది. మీరేటైనా తిన్నారా?"

సిస్టర్ని ఆ మాట నాలోంచి అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

"లేదు దాలయ్యా."

"తినండమ్మా" అన్నాడు. "ఇంక తినొచ్చు."

తినలేదు ఆవిడ. కిడ్నీ ఆగదు కదా. మొహం కడుక్కుని, గొంతు సవరించుకుని రెండో పేరుకి ఫోన్ చేసింది. "ఏమైనా తిన్నారా?" అంది. "లేదు సిస్టర్, లేదు!" అని అవతల ఎవరో సంతోషం పట్టలేక అరుస్తున్నారు. దాలయ్య గొంతు ఇంకా చెవిలో ఉండగానే ఆ అరుపూ మోశాను. మీరైతే ఏం చేసేవారో నాకు తెలీదు.

ఇప్పుడు నా పని అద్దాల ఫోను చేస్తోంది. నేను సిస్టర్ బల్ల సొరుగులో పాత తాళాలతో పాటు పడున్నాను. మొన్నామధ్య ఆఫీసులో ఒకాయన నాలోని నెంబర్లన్నీ ఆ కొత్త ఫోన్లోకి ఎక్కించాడు. కామేశ్వరి దగ్గరికొచ్చేసరికి ఆగి, "ఈవిడ లేదుగా సిస్టర్, కొట్టేసెయ్యనా?" అన్నాడు.

సిస్టర్ నన్ను ఆయన చేతిలోంచి తీసుకుంది.

"అలా ఉండనీ" అంది.